మూడు చక్రాల బాకీ

ఆ మధ్య ఓ ఆదివారం, చిన్నమ్మను చూసొద్దామని మదనపల్లెనుంచి పుంగనూరు వెళ్ళాను. బస్సు దిగి చూద్దును గదా, రోడ్డువార టీకొట్టు ముందు పాతిక దాకా సైకిళ్ళు! మన పాలవాడి సైకిళ్ళలాంటివి కావు సుమండీ. ఒక్కొక్కటీ వేటకుక్కలా సన్నగా, నిగనిగలాడుతూ ఉంది. హెల్మెట్లు తీసి చెమట తుడుచుకుంటున్న కుర్రకారు, వాళ్ళలో అయిదారుగురు అమ్మాయిలు. పలకరిస్తే చెప్పారు. వికలాంగుల సహాయనిధి కోసం తొక్కుతున్నారట. ముందురోజు కుప్పంలో బయల్దేరి, పలమనేరు మీదుగా వచ్చారు. మధ్యాహ్నానికి మదనపల్లె చేరాలి. తొక్కిన ప్రతి కిలోమీటరుకూ ఇంత అని తెలిసినవాళ్ళు చందా వేస్తారట. ఒకరి టైరు పంచరవడంతో ఇక్కడ ఆగారు.

నాకు ముచ్చటేసింది. చిన్నమ్మ ఇల్లు ఆ టీకొట్టు వెనక సందులోనే. గబగబా వెళ్ళి చెప్పాను. చిన్నమ్మకు మూడో ఏట పోలియో వచ్చి రెండు కాళ్ళూ చచ్చుబడిపోయాయి. చేత్తో తిప్పుకునే మూడుచక్రాల బండే ఆవిడ కాళ్ళు. జాకెట్టుకు హెమ్మింగు చేస్తున్న మనిషి తలెత్తకుండానే అంది:

"బాగుండాది పాపా. మాకోసరం అంతదూరం తొక్కినారంటే మెచ్చుకోవాల్సిందే. మరి నా బండి చైను మొన్నట్నుంచీ జారతా ఉండాదే, దాని సంగతేమన్నా చెప్పినారా?"

నేను నవ్వేశాను. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. ఇంటికొచ్చాక సైకిలు పుట్టుపూర్వోత్తరాలు తిరగేస్తే తెలిసింది, చిన్నమ్మ అడిగింది చిన్న సంగతేమీ కాదని.

సైకిలు చరిత్ర చెప్పేవాళ్ళు సాధారణంగా 1817తో మొదలుపెడతారు. ఆ ఏడు జర్మనీలో కార్ల్ డ్రైస్ అనే ఆయన రెండు చక్రాల కొయ్యబండి చేశాడు. దానికి పెడళ్ళు లేవు, నేలను కాళ్ళతో తన్నుకుంటూ పోవడమే. కానీ అంతకు నూటఅరవై ఏళ్ళకు పైగా ముందే, 1655లో, న్యూరెంబర్గు దగ్గర ఆల్ట్‌డార్ఫ్ అనే ఊళ్ళో స్టీఫెన్ ఫార్ఫ్లర్ అని ఇరవైరెండేళ్ళ కుర్రవాడుండేవాడు. గడియారాలు చేయడం అతని వృత్తి. పాపం, నడవలేడు. ఎవరో ఒకరు మోసుకుపోయేదాకా ఎదురుచూడ్డం ఎన్నాళ్ళని అనుకున్నాడో ఏమో! గడియారంలో ఒక పళ్ళచక్రం ఇంకో పళ్ళచక్రాన్ని తిప్పుతుంది కదా, ఆ కిటుకునే వాడుకుని మూడు చక్రాల బండి చేసుకున్నాడు. కూర్చుని రెండు చేతులతో పిడి తిప్పితే ముందుచక్రం తిరుగుతుంది, బండి కదులుతుంది. ఎద్దూ గుర్రమూ లేకుండా, ఎవరూ తొయ్యకుండా, కూర్చున్న మనిషి తన బలంతో తానే పోగల బండి! తర్వాత వచ్చిన సైకిళ్ళకు అది ముత్తాత అంటారు. చిన్నమ్మ బండికైతే సాక్షాత్తూ తాతే. ఛాతీ ముందు పిడి, ముందుచక్రం తిరగడం, అన్నీ అవే. మధ్యలో చైనొక్కటి కొత్తగా వచ్చి చేరింది.

అంటే ఏమిటన్నమాట? సైకిలు అనే ఆలోచన కాళ్ళున్నవాడి షికారుకోసం పుట్టింది కాదు. కాళ్ళు లేని మనిషి అవసరంలోంచి పుట్టింది. ఈనాడు కాళ్ళున్నవాళ్ళు వందల మైళ్ళు తొక్కి వికలాంగులకు సాయం చేస్తున్నారంటే, దాన్ని దానమనడం కంటే పాతబాకీ తీర్చడమనడమే న్యాయం.

ఈ బాకీల లెక్క ఇంకా ఉంది. జైపూరు కాలు పేరు మీరు వినే ఉంటారు. 1968లో జైపూరు ఆస్పత్రి డాక్టరు పి.కె. సేఠీ, పెద్దగా చదువుకోని పనిమంతుడు రామచంద్రశర్మ కలిసి దాన్ని తయారుచేశారు. విదేశీ కృత్రిమపాదానికి బూటు తొడగాలి, దాంతో బాసింపట్టు వేసి కూర్చోలేరు, బురదలో దిగలేరు. మన ఆడవాళ్ళం వంటింట్లో చెప్పులేసుకుంటామా? పీటమీద కూర్చోకుండా, పొలంలో దిగకుండా రోజు గడుస్తుందా? మన బతుక్కు తగిన పాదం ఎలా అని శర్మ మథనపడుతుండగా, ఓరోజు ఆస్పత్రికి పోతూ ఉంటే ఆయన సైకిలు పంచరైందట. రోడ్డుపక్క షాపులో ఒక లారీటైరుకు రబ్బరు కరిగించి కొత్త పట్టీ వేస్తున్నారు. అది చూడగానే ఆయన బుర్రలో దీపం వెలిగిందని చెబుతారు. ఆ రబ్బరుపాదం వేలమందిని నిలబెట్టింది. సేఠీగారికి 1981లో మెగసెసే బహుమానం వచ్చింది. అదే ఏడు బస్సు ప్రమాదం తర్వాత కాలు పోగొట్టుకున్న సుధాచంద్రన్, జైపూరు కాలు కట్టుకుని మళ్ళీ గజ్జె కట్టింది. 1985లో వచ్చిన 'మయూరి' సినిమా ఆమె కథే. మా అమ్మ ఆ సినిమా చూసి కళ్ళు తుడుచుకుంటూ వచ్చిందిట. సైకిలు పంచరు కాకపోతే మయూరి ఉండేదో లేదో!

ఇక గుంపుగా బయల్దేరే యాత్రల సంగతి. 1985లో కెనడాలో రిక్ హాన్సెన్ అనే యువకుడు చక్రాల కుర్చీలో ప్రపంచయాత్రకు బయల్దేరి, 1987 దాకా 34 దేశాల్లో 40,000 కిలోమీటర్లు తిరిగి, వెన్నెముక దెబ్బతిన్నవారికోసం నిధి పోగుచేశాడు. మనదేశంలో అదే 1985లో, కుష్ఠురోగులకు ఆనందవనం కట్టిన బాబా ఆమ్టే, కన్యాకుమారినుంచి కాశ్మీరుకు నూరుమందికి పైగా యువతీయువకులను సైకిళ్ళమీద నడిపించారు. అది దేశసమైక్యతకోసం. అప్పటికాయనకు డెబ్భయి దాటాయి, వెన్నునొప్పితో కూర్చోలేరు. అయినా వాళ్ళ వెంటే వెళ్ళారు.

మన హైదరాబాదు మనిషి ఆదిత్య మెహతా మరో అడుగు ముందుకేశాడు. రోడ్డు ప్రమాదంలో ఒక కాలు పోయింది. అయినా సైకిలెక్కి 2013లో ఆసియా పోటీల్లో రెండు రజతాలు గెలిచాడు. అతని సంస్థ సరిహద్దు భద్రతాదళంతో కలిసి 2020లో శ్రీనగరునుంచి కన్యాకుమారికి సైకిలుయాత్ర పెట్టింది. ఇందులో విశేషమేమిటంటే, వికలాంగులకోసం తొక్కినవాళ్ళలో వికలాంగులే ఉన్నారు. మధ్యప్రదేశ్ అమ్మాయి తాన్యా డాగా వారిలో ఒకతె. 2018 ప్రమాదంలో కాలు పోయిన పిల్ల. దారి మధ్యలో తండ్రి పోయాడని కబురొచ్చింది. ఇంటికి పోయి, కన్నీళ్ళు దిగమింగుకుని, తిరిగి వచ్చి జట్టులో కలిసింది. నలభైరెండు రోజుల ఆ యాత్ర డిసెంబరు 31న కన్యాకుమారిలో ముగిసింది. ఆ పిల్లను చూసి "అయ్యో పాపం" అనడానికి మనకు నోరెలా వస్తుంది చెప్పండి?

ఆ "అయ్యో పాపం" అంటేనే చిన్నమ్మకు ఒళ్ళుమంట. నాకు ఎనిమిదేళ్ళప్పుడు, 1988లో, ఏదో సంఘంవారు సభపెట్టి ఆవిడకు మొదటి బండి ఇచ్చారు. దండలు, ఉపన్యాసాలు, ఫొటో. అంతకుముందు తాతయ్య భుజాన మోసుకెళ్ళి బడిలో దింపేవాడు. తాతయ్య భుజం అలిసిపోవడంతో అయిదో తరగతిలో చదువు ఆగిపోయింది. బండి వచ్చిన సాయంత్రం చిన్నమ్మ ఎవరికీ చెప్పకుండా ఒక్కతే బజారుదాకా పోయి మల్లెపూలు కొనుక్కొచ్చింది. ఇరవయ్యారేళ్ళ మనిషి, తన పూలు తాను బేరమాడి కొనుక్కోవడం అదే మొదలు!

ఆరునెలలకు చైను తెగింది. సంఘానికి రెండు ఉత్తరాలు రాస్తే జవాబు లేదు. నాలుగు నెలలు ఆ బండి మీద కోళ్ళు పడుకున్నాయి. చివరికి సైకిలుషాపు ముసలాయన జాలిపడి ఎక్కడిదో చైను తెచ్చి అతికించాడు. "ఇచ్చినోళ్ళు ఫొటోలో ఉండారు. చైను తెగినపుడు యాడుండారు?" అని చిన్నమ్మ ఇప్పటికీ అంటుంది. "వికలాంగులు పోయి దివ్యాంగులమైనాము. పేరు మార్చినారు గానీ ఆఫీసుల మెట్లు మార్చలేదే" అనీ అంటుంది. 2011 జనాభా లెక్కల్లో ఇలాంటివారు మనదేశంలో 2 కోట్ల 68 లక్షలమంది. 2014లో మనది పోలియోలేని దేశమని ప్రకటించారు, సంతోషమే. కానీ అంతకుముందు పోలియో పాలైనవాళ్ళ బళ్ళకు చైను, ట్యూబు, నూనె రేపూ కావాలి, ఎల్లుండీ కావాలి. ఆరంభాన దండ వేసేవాళ్ళకంటే ఆనక నూనె వేసేవాళ్ళు తక్కువ.

ఆ ఆదివారం సంగతి పూర్తిచేస్తాను. చిన్నమ్మను బండిమీద టీకొట్టు దగ్గరికి తీసుకెళ్ళాను. చైను జారుతోందని నేనింకా చెప్పకముందే, ఒకమ్మాయి గబుక్కున కిందకూర్చుని చూసింది. పనిముట్ల సంచీ వచ్చింది. ఒక లంకె తీసి బిగించారు, నూనె వేశారు. ఆ పిల్ల చేతులు మోచేతులదాకా నల్లబడ్డాయి. చిన్నమ్మ అటూఇటూ రెండుసార్లు తిప్పి చూసుకుని, టీకొట్టాయనతో అంది: "అన్నా, వీళ్ళందరి టీ డబ్బులూ నా లెక్కలో రాయి."

వాళ్ళలో పెద్దాయన కంగారుపడిపోయాడు. "వద్దమ్మా, మేము వచ్చిందే మీ..."

"తెలుసులే నాయనా. మా ఊరికొచ్చినారు, మా ఇంటికొచ్చినట్టే. ఇంకో టీ తాగండి, మదనపల్లె దాకా ఎండ ఉండాది."

ఎవరూ కాదనలేకపోయారు.