గద్దర్ పాట ఎవరిది?

నెల్లూరు కోస్తాలోని మా ఊరి టీ అంగట్లో గద్దర్ క్యాసెట్టు మోగుతుంటే, అందులోని ప్రతి మాటా ఆయన రాసిందేనని చాలాకాలం నమ్మాను. అది పొరపాటని తర్వాత తెలిసింది. ‘మా భూమి’ చిత్రంలో ఆయన తెరమీద పాడి ప్రసిద్ధం చేసిన బండి పాటను కట్టినవాడు తెలంగాణ సాయుధ పోరాట కాలపు యాదగిరి. జనానికి గుర్తున్నది మాత్రం గద్దరే. ఇది గద్దర్ దోషం కాదు. అయినా చరిత్ర చెప్పేవాడు దాటిపోగల విషయమూ కాదు.

మన ప్రజాకళలో ఒంటరి గొంతుకు ఎన్నడూ చోటు లేదు. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి బుర్రకథను చేపట్టినప్పుడు కథకుడుగా షేక్ నాజర్ నడుమ నిలిచాడు. కాని ఆయనకు అటూ ఇటూ ఇద్దరు వంతలుండేవారు. ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం. వారి వంత లేనిదే కథ సాగదు. 1970లలో జననాట్యమండలి ఈ సామూహిక పద్ధతినే గొంగళితో, గజ్జెలతో కొత్త తరానికి అందించింది. గద్దర్ పక్కన వంగపండు ప్రసాదరావు వంటి వాగ్గేయకారులున్నారు.

అదే దశకంలో, 1973 నుంచి, న్యూయార్కులోని బ్రాంక్స్ పేటలో నల్లజాతి యువకుల నడుమ ర్యాప్ రూపుదిద్దుకుంది. అక్కడ కూడా గాయకుడి పిలుపుకు జనం బదులివ్వడమే దాని ప్రాణం. కాని సరుకు కాగానే అట్టమీద ఒక్క పేరే మిగిలింది. వ్యాపారానికి ఒక వీరుడు కావాలి; ఉద్యమానికి బృందం కావాలి.

మా జిల్లాయే ఇందుకు సాక్ష్యం. 1992లో మెట్టప్రాంతపు దూబగుంట స్త్రీలు సారాపై తిరగబడ్డారు. అక్షరాస్యతా ఉద్యమపు పాఠాలు, కళాజాతాలు వారికి మాటలిచ్చాయి. మరుసటి ఏడు సారాపై నిషేధం వచ్చింది. ఆ పాటలకు ఆల్బమ్ లేదు, అట్టమీద బొమ్మ లేదు. అయినా అవి పనిచేశాయి.

1997 ఏప్రిల్ 6న గద్దర్‌పై కాల్పులు జరిగాయి. ఒక తూటా 2023 ఆగస్టు 6న ఆయన మరణించేదాకా దేహంలోనే ఉంది. 2024లో తెలంగాణ ప్రభుత్వం చలనచిత్ర పురస్కారాలకు ఆయన పేరు పెట్టింది. ఒకనాడు పాలకులకు భయం పుట్టించిన పేరును నేడు పాలకులే పంచిపెడుతున్నారు! ఒంటరి పేరును ఇముడ్చుకోవడం తేలిక. వేయి గొంతులను ఇముడ్చుకోవడం తేలిక కాదు.

కనుక ఉపాధ్యాయ మిత్రులకు నా విన్నపం ఒకటే. తరగతిలో గద్దర్ పాట వినిపించినప్పుడు, దాన్ని కట్టిందెవరో, వంత పాడిందెవరో కూడా అడిగించండి. ఆయన వారసత్వం నిలిచేది ఆ ప్రశ్నలోనే.