ఒక్క గోలీ, ఎన్ని దాపరికాలు

నాచారం పారిశ్రామికవాడ వెనక బస్తీలో ఒకామె బియ్యం డబ్బాలోంచి మాత్రల షీటు తీసి చూపించింది. "తొమ్మిదేండ్ల బిడ్డక్కా. రెండేండ్ల సంది ఫిట్స్. ఉప్పల్ల డాక్టరు ఈ ఒక్క గోలీనే రాసిండు, పొద్దున మాపున. ఇప్పుడు వస్తలేవు. మా అత్త అడిగితే బలం గోలీ అని చెప్త. రేపు పెండ్లి గావాలె గద."

ఆ ఒక్క గోలీ వెనక చరిత్ర స్త్రీ శరీరం మీది అనుమానంతో మొదలవుతుంది. 1857లో లండన్ వైద్యసభలో విక్టోరియా రాణి పురుళ్ళ డాక్టరు చార్లెస్ లోకాక్ పొటాషియం బ్రోమైడ్ గురించి చెప్పాడు. నెలసరితో ముడిపడిన 'హిస్టీరియా మూర్ఛ' అనుకున్న ఆడవాళ్ళకి ఆయన దాన్ని వాడాడు. కామాన్ని అణిచే మందు మూర్ఛనీ అణుస్తుందని అప్పటి నమ్మకం. నమ్మకం తప్పు, మందు మాత్రం పనిచేసింది! 1912లో ఫినోబార్బిటాల్, 1938లో ఫెనిటాయిన్ వచ్చాయి. మందులు పెరిగిన కొద్దీ రెండు మూడు కలిపి ఇవ్వటం అలవాటయింది. పిల్లలు బడిలో మత్తుగా జోగుతుంటే అదీ జబ్బు లక్షణమే అనుకున్నారు. చాలామందికి ఒకటే చాలని 1970ల చివర లండన్‌లో షోర్వన్, రేనాల్డ్స్ వాదించారు. 2000లో వచ్చిన గ్లాస్గో అధ్యయనంలో, అంతకుముందు మందు వాడని 470 మందిలో 47 శాతానికి మొదటి మందుతోనే ఫిట్స్ ఆగిపోయాయి.

మన చట్టం మాత్రం వేరే దారిలో నడిచింది. 1976 సవరణతో హిందూ వివాహ చట్టంలోకి 'పదే పదే వచ్చే మూర్ఛ' చేరింది. దాన్ని చూపి పెళ్ళి రద్దు చేయించుకోవచ్చు. 1999లో గానీ ఆ మాట తీసెయ్యలేదు. ఉప్పల్‌లో ఒక పెద్దావిడ తన చెల్లెలి సంగతి చెప్పింది. "కాకిసొమ్మ ఉన్నదని పెండ్లయిన ఆర్నెల్లకే ఇంటికి తోలిచ్చిండ్రు. అంతకుముందు మేము తాళంచెవుల గుత్తి చేతిల పెట్టి కూసునేటోళ్ళం, ఎవ్వరికీ చెప్పకుంట." చట్టంలోంచి పోయిన మాట పెళ్ళిచూపుల్లోంచి పోలేదు. మందు ఒక్కటే అయితే దాచటం సులువు కూడా అని నాకప్పుడే తట్టింది.

అయితే ఆ ఒక్కటి ఏది? నాచారంలో నేను చూసిన షీటు మీద వాల్‌ప్రోయేట్ అని ఉంది. మంచి మందే, కొన్ని రకాల మూర్ఛలకి చాలా మంచిది. కానీ గర్భంలో వాడితే బిడ్డ వెన్ను సరిగ్గా మూసుకోకపోవచ్చని 1982లోనే ఫ్రాన్స్ నుంచి హెచ్చరిక వచ్చింది. పుట్టిన పిల్లల ఎదుగుదల మీదా దెబ్బ పడుతుందని తర్వాత తేలింది. గర్భం రాకుండా చూసుకునే ఏర్పాటు లేకుండా పిల్లలు కనగల వయసు వాళ్ళకి ఇవ్వకూడదని యూరప్ నియమం పెట్టటానికి 2018 దాకా పట్టింది. ముప్పై ఆరేళ్ళు! పెళ్ళి కోసం మందు దాస్తున్న తల్లికి, ఆ మందుకీ కాన్పుకీ ఉన్న ముడి ఎవరూ చెప్పలేదు.

నేను సాహిత్యంలో డాక్టర్ని, వైద్యంలో కాదు. అదే చెప్పాను. మందు ఒక్కపూట కూడా సొంతంగా ఆపొద్దనీ, పాప పెద్దమనిషి కాకముందే డాక్టర్ని ఈ సంగతి అడగమనీ అన్నాను.

"ఏమడగాల్నో కాయితం మీద రాసియ్యక్కా, ఆడికి వోతే నాకు నోరు రాదు" అంది. రాసిచ్చాను. మడిచి, షీటుతో పాటు బియ్యంలోకి తోసింది.