పుల్లరి, పెరిక, తాండా

గోలేటి పేరు చెబితే ఇవాళ ఎవరికైనా బొగ్గే గుర్తుకొస్తుంది. సింగరేణి వారి బెల్లంపల్లి ఏరియా కార్యాలయం అక్కడే గదా! బొగ్గు రాకముందు ఆ అడవిపట్టున పశువుకి కావలసింది గడ్డి, మనిషికి కావలసింది ఉప్పు. గడ్డి కాళ్ల కిందే మొలుస్తుంది. ఉప్పు మాత్రం దూరం నుంచి నడిచి రావాలి.

నడిచే వచ్చేది మరి! ఎద్దు వీపు మీద అటూ ఇటూ వేలాడేలా వేసే గోనెను పెరిక అనేవారు. ఆ బరువులతో వర్తకం చేసినవారు పెరికవారయ్యారు. లంబాడీల ఎద్దుల బిడారు పేరు తాండా. 17వ శతాబ్దంలో మన దేశం తిరిగిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే పదేసి వేల ఎద్దుల బిడారుల గురించి రాశాడు. ఉప్పు మోసేవారు అందులో ఒక ప్రత్యేక తెగట. ఇప్పుడు తాండా అంటే ఇళ్లూ వాకిళ్లూ ఉన్న పల్లె. నడిచిన మాట కాస్తా కూర్చుండిపోయింది!

అన్ని ఎద్దులకు దారిలో మేత ఉండాలి కదా? ఉప్పుకీ పచ్చికకీ ముడి అక్కడే పడింది. కోస్తావారికి కంచె అంటే ముళ్లకంప అడ్డు. తెలంగాణలో పశువులు మేసే బీడు కూడా కంచెయే. హైదరాబాదు మేడల మధ్య కంచ గచ్చిబౌలి అన్న పేరులో ఆ బీడే ఉంది. ఊరుమ్మడి మేతభూమికి బంచరాయి అని మరో మాట.

ఇక పుల్లరి. కట్టెపుల్ల అనుకునేరు! తమిళులు గడ్డిని ఇప్పటికీ పుల్లు అంటారు. అరి అంటే పన్ను. గడ్డి మీద పన్నే పుల్లరి. ఎవరూ నాటని గడ్డి మీద పన్నేమిటని ఎదిరించిన పల్నాటి కన్నెగంటి హనుమంతు 1922లో పోలీసు తూటాలకు బలయ్యాడు. గోలేటి ఉన్న జిల్లాలోనే, జోడేఘాట్‌లో, అడవి మీద, మేత మీద హక్కు అడిగిన కొమరం భీం 1940లో నిజాం పోలీసుల చేతిలో ప్రాణం విడిచాడు.

ఉప్పుదీ అదే కథ. ఉప్పరులు చౌడుమట్టి నుంచి ఉప్పు తీసేవారు. మద్రాసు రాజ్యంలో కుంఫిణీ 1805లో ఉప్పు వ్యాపారమంతా తన గుప్పిట్లో పెట్టుకుంది. రానురాను చౌడుప్పు చేయడమే నేరమైంది. ఉప్పరులు చెరువులూ బావులూ తవ్వుకు బతికారు. పేరులో మాత్రం ఉప్పు కరగలేదు.

1929లో కాజీపేట–బల్లార్షా రైలుమార్గం పూర్తయింది. బొగ్గును మోసుకుపోయిన రైలే ఉప్పునూ మోసుకొచ్చింది. పెరిక ఎద్దుకి పని పోయింది.

గనికి పోయిన పట్టా భూమికి కాగితం ఉంటుంది, పరిహారం ఉంటుంది. ఊరందరి గొడ్లూ మేసిన బీడుకి ఏ ఒక్కరి పేరా పట్టా ఉండదు. దానికి ముసలివాళ్ల నోట మిగిలిన సాక్ష్యం కంచె, బంచరాయి అన్న మాటలే. అవి కూడా పోతే, ఇక్కడ మాకో హక్కుండేదని చెప్పుకోవడానికి పిల్లలకు మాటే ఉండదు.