బొబ్బిలి తర్వాత చందుర్తి

బొబ్బిలి యుద్ధం పేరు వినని తెలుగువాళ్లు అరుదు. 1757 జనవరి 24న, ఒక్క రోజులో ముగిసిపోయిన ఆ పోరు మీద దిట్టకవి నారాయణకవి 'రంగారాయ చరిత్ర' రాశాడు. జంగం కథలూ బుర్రకథలూ దాన్ని ఊరూరా తిప్పాయి. 1964లో ఒకసారి, 1986లో మరోసారి అది వెండితెర మీదికీ ఎక్కింది. బొబ్బిలి పోరు జరిగి రెండేళ్లు తిరక్కుండానే, 1758 డిసెంబరులో, పిఠాపురం దాపున చందుర్తి పొలాల్లో ఇంకో యుద్ధం జరిగింది. కోస్తా ఎవరి చేతికి పోవాలో తేలింది అక్కడే. ఆ ఊరి పేరు చెబితే గుర్తుపట్టేవాళ్లు మాత్రం తక్కువ. ఈ రెండు యుద్ధాలనూ విడదీసి చూడడం వల్ల బొబ్బిలి కూడా మనకు సగమే అర్థమైందని నా అభిప్రాయం.

ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు బొబ్బిలి కోట ముందుకు ఎందుకు వచ్చాయి? విజయనగరం పూసపాటి విజయరామరాజు పగే కారణమని కథలు చెబుతాయి. పగ ఉన్నమాట నిజం. పొరుగు సంస్థానాలు రెంటికీ ఏటి నీళ్ల దగ్గరే తగవులుండేవి. కానీ నీళ్ల తగవుకు ఫిరంగులు రావు, వాటిని తెచ్చింది జీతాల లెక్క. 1753లో నిజాం సలాబత్ జంగ్ ముస్తఫానగరం, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కార్లను ఫ్రెంచి సేన ఖర్చు కింద బుస్సీకి అప్పగించాడు. దక్కనులో ఫ్రెంచి పలుకుబడి అంతా ఈ నాలుగు సర్కార్ల శిస్తు మీదే నిలబడింది. శిస్తు రావాలంటే జమీందార్లు చెప్పుచేతల్లో ఉండాలి, అందుకు వాళ్లలో బలమైనవాణ్ణి చేరదీయాలి. బుస్సీ చేరదీసింది విజయరామరాజును. బొబ్బిలి రాజు రంగారావు వంశం ఆ లెక్కకు అడ్డుపడింది. కోటలో ఆడవాళ్లూ పిల్లలూ సహా ప్రాణాలు పోగొట్టుకున్నది ఎక్కడో ఔరంగాబాదులో కుదిరిన ఒక ఏర్పాటు కోసమని తలచుకుంటే, ఆ విషాదం ఇంకా బరువెక్కుతుంది.

బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు విజయరామరాజును డేరాలోనే చంపాడని పరంపరగా వస్తున్న కథ. పాట అక్కడ ఆగుతుంది, చరిత్ర ఆగలేదు. వారసుడిగా వచ్చిన ఆనందరాజుకు ఫ్రెంచివారి పంపకం నచ్చలేదు. 1758లో ఫ్రెంచి సర్వసేనాని లాలీ బుస్సీని దక్షిణానికి పిలిపించుకోగానే, ఆనందరాజు విశాఖపట్నంలోని ఫ్రెంచివారిని పట్టుకుని ఇంగ్లీషువారికి కబురుపెట్టాడు. మద్రాసు వెనకాడింది. బెంగాల్లో ఇంగ్లీషువారి పెద్దగా ఉన్న క్లైవు మాత్రం కర్నల్ ఫోర్డు వెంట సుమారు 500 మంది తెల్ల సైనికులను, 2,000 మంది సిపాయిలను ఓడల్లో పంపాడు. కుదిరిన ఒప్పందం చదివితే గుండె కలుక్కుమంటుంది: సేన ఖర్చుకు రాజు నెలకు 50 వేల రూపాయలు ఇవ్వాలి, గెలిచిన లోపలి సీమలు రాజుకు, రేవులు ఈస్టిండియా కంపెనీకి. చందుర్తిలో బెంగాలు సిపాయిల ఎర్ర కోట్లు చూసి వాళ్లే తెల్లపటాలమనుకున్నాడు ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్. తన బలమంతా అటు తోలాడు. అసలు తెల్లపటాలం ఏపుగా పెరిగిన చేను చాటునుంచి బయటపడి ఫ్రెంచి వరుసలను చెదరగొట్టింది. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పడింది. ఫ్రెంచివారికి సాయంగా వచ్చిన సలాబత్ జంగే మే నెలలో ఇంగ్లీషువారితో సంధి చేసుకుని, ఫ్రెంచివారిని తన సీమలో ఉండనివ్వనని ఒప్పుకున్నాడు.

1757 నాటి ప్లాసీ యుద్ధంలోనే అంతా తేలిపోయింది గదా, చందుర్తి ఒక చిన్న కొస మాత్రమే అనే వాదన ఉంది. ప్లాసీ తేల్చింది బెంగాలు సంగతి. చందుర్తి నాటికి లాలీ మద్రాసు ముట్టడికి సిద్ధమవుతున్నాడు. అలాంటి వేళ సర్కార్ల శిస్తు పోవడమంటే అతని సేనకు జీతం పోవడమే. జనం గుర్తుంచుకునేది ఫలితాన్ని కాదు, శౌర్యాన్ని అని ఇంకో మాట. ఇది బలమైన మాట, నేను కాదనను. ఓడినవాళ్ల గౌరవాన్ని బొబ్బిలి కథ కాపాడింది, ఆ పని ఏ దస్తావేజూ చేయలేదు. కానీ ఆ కథే బొబ్బిలిని ఇద్దరు రాజుల వైరంగా కుదించి, వాళ్ల వెనక నిలబడ్డ ఖజానాలను మన చూపునుంచి తప్పించింది. ఇక ఆనందరాజును ద్రోహి అనడం కూడా నాకు సమ్మతం కాదు. 1758లో అతని ముందున్నవి రెండు విదేశీ సేనలు. అప్పటికే ఒకటి అతని గడప తొక్కి ఉంది. తప్పు జరిగింది లెక్కలో: రేవులు పోగొట్టుకున్నవాడికి లోపలి సీమ ఎంతకాలం మిగులుతుందో అతను చూసుకోలేదు.

1765లో మొగలు ఫర్మానా, 1766లో, సలాబత్ జంగ్ తర్వాత గద్దెనెక్కిన నిజాం అలీతో ఒప్పందం సర్కార్లను కంపెనీకి కట్టబెట్టాయి. ఆ తర్వాత కంపెనీ పేష్కష్ (జమీందార్లు కట్టాల్సిన కప్పం) బకాయిల చిట్టా విప్పింది. ఆనందరాజు తర్వాత గద్దెనెక్కిన చిన విజయరామరాజును సంస్థానం వదిలి పొమ్మంది. ఆయన పోలేదు. 1794 జూలై 10న పద్మనాభం దగ్గర కంపెనీ సేన తుపాకులకు ఎదురు నిలిచి, తనవాళ్లతోపాటు నేలకొరిగాడు. ఆనందరాజు కబురు మీద ఫోర్డు ఓడలు విశాఖ రేవుకు చేరి అప్పటికి 36 ఏళ్లు.