పాటకు బొమ్మ కట్టిన యంత్రాలు

మ్యూజిక్ వీడియో చరిత్రను చాలామంది 1981 ఆగస్టు 1 అర్ధరాత్రి దగ్గర మొదలుపెడతారు. అమెరికాలో ఎంటీవీ ప్రసారాలు మొదలైన రాత్రి అది. తొలిగా వేసిన పాట బగుల్స్ బృందం పాడిన ‘వీడియో కిల్డ్ ది రేడియో స్టార్’. పాట పేరే జోస్యంలా వినిపించడంతో ఆ తేదీ స్థిరపడిపోయింది. అయితే రస్సెల్ మల్కహీ తీసిన ఆ వీడియోకు అప్పటికే రెండేళ్ల వయసుంది. ఎంటీవీ దాన్ని తయారు చేయలేదు, తెచ్చి వేసుకుంది. ఈ ప్రక్రియ పద్ధతుల్లో ముఖ్యమైనవి అంతకు నలభై ఏళ్ల ముందే స్థిరపడ్డాయి. వాటిని స్థిరపరిచింది ఏ కళాకారుడి ఊహో కాదు, డబ్బులు వేస్తే ఆడే ఒక యంత్రం.

చికాగోలో జూదపు యంత్రాలు, జూక్‌బాక్సులు తయారు చేసే మిల్స్ నావెల్టీ కంపెనీ 1940లో ‘పానోరమ్’ అనే యంత్రాన్ని మార్కెట్లోకి తెచ్చింది. అధ్యక్షుడు రూజ్వెల్ట్ కొడుకు జేమ్స్ ఆ వ్యాపారంలో భాగస్వామి. యంత్రం చూడటానికి నిలువెత్తు బీరువాలా ఉండేది. లోపల 16 ఎం.ఎం. ప్రొజెక్టరు, దాని కాంతిని మళ్లించే అద్దాలు, పైన గాజుతెర. అద్దాల వల్ల బొమ్మకు కుడిఎడమలు మారిపోతాయి కనుక ఫిల్మును ముందే తిరగేసి ముద్రించేవారు. ఆ ప్రింట్లను ఇప్పుడు మామూలు ప్రొజెక్టరులో వేస్తే టైటిల్స్ తలకిందులు కావు గానీ కుడి నుంచి ఎడమకు నడుస్తాయి, గిటారు వాయించేవాళ్లంతా ఎడమచేతివాటం వాళ్లవుతారు.

పది సెంట్లు వేస్తే ఒక పాట. ఆ చిట్టి సినిమాల పేరు ‘సౌండీలు’. రీలుకు ఎనిమిది పాటలు, వరుసగా చుట్టూ తిరుగుతూ వస్తాయి. ఎంచుకునే వీలు లేదు. నచ్చిన పాట ఇప్పుడే అయిపోయిందంటే, మళ్లీ చూడటానికి మధ్యలో ఉన్న ఏడింటికీ డబ్బు కట్టాలి. జూదపు యంత్రాల కంపెనీకి ఈ లెక్క కొత్తేమీ కాదు.

పాటను ముందు రికార్డు చేసేవారు. తర్వాత సెట్లో దాన్ని వినిపిస్తుంటే గాయకులు పెదవులు కదిపేవారు. తెలుగు సినిమా చూస్తూ పెరిగినవాళ్లకు ఇందులో వింత ఏమీ కనిపించదు. మన దగ్గర అది కథలో ఒక భాగం, అక్కడ పాటే మొత్తం సినిమా, తేడా అంతే. ఈ పద్ధతిలో ఖర్చు తక్కువ, పని త్వరగా తెములుతుంది. నిడివి దాదాపు మూడు నిమిషాలు, అంటే నాటి 78 ఆర్‌పీఎం గ్రామఫోన్ రికార్డు ఒక వైపు పట్టేంత. బార్లో, హోటల్లో గోల మధ్య మాటలు వినబడకపోయినా కళ్లు తెర మీదే నిలవాలి. సౌండీల్లో అన్ని నాట్యాలు, అంతమంది అమ్మాయిలు ఎందుకున్నారంటే నాకు తోచే కారణం ఇదే.

ఒక విషయం దగ్గర ఆగాలి. డ్యూక్ ఎలింగ్టన్, క్యాబ్ కాలోవే, ఫ్యాట్స్ వాలర్, నాట్ కింగ్ కోల్, డొరోతీ డాండ్రిడ్జ్, అందరూ సౌండీల్లో ఉన్నారు. హాలీవుడ్ నల్లజాతి నటులకు పనివాళ్ల వేషాలు తప్ప పెద్దగా ఇవ్వని రోజులవి. సౌండీలేమీ జాతి వివక్షకు అతీతం కాదు, పత్తి చేల నుంచి అడవి మనుషుల దాకా అరిగిపోయిన వేళాకోళం వాటిలోనూ కనిపిస్తుంది. అయినా ఆ సంగీతకారులు తమ వాద్యబృందాలతో, తమ పేర్లతో తెర మీదికి వచ్చారు. యుద్ధకాలపు ముడిసరుకు కొరత, 1942లో సంగీతకారుల సంఘం చేసిన రికార్డింగు సమ్మె ఈ వ్యాపారాన్ని కుంగదీశాయి. 1940ల చివరికి అది ముగిసింది.

1960లో ఫ్రాన్సు ‘స్కోపిటోన్’ అనే యంత్రంతో అదే ఆలోచనను మళ్లీ లేపింది. ఈసారి రంగులున్నాయి, ముప్పై ఆరు పాటల్లో నచ్చింది నొక్కే వీలుంది. తర్వాత పెద్ద దర్శకుడైన క్లోద్ లెలూష్ వీటిని తీస్తూనే చేయి తిరిగినవాడయ్యాడు. దశాబ్దం చివరికి దీని జోరూ తగ్గిపోయింది.

యంత్రం పోయాక టెలివిజన్ మిగిలింది, దాంతో అవసరమూ మారింది. ప్రతి దేశపు స్టూడియోకూ వెళ్లే ఓపిక లేక బీటిల్స్ 1966 మే నెలలో లండన్ చిజిక్ హౌస్ తోటలో ‘పేపర్‌బ్యాక్ రైటర్’, ‘రెయిన్’ పాటలకు బొమ్మలు తీయించి పంపారు. 1975 నవంబరులో క్వీన్ బృందానికి ఇంకో చిక్కు వచ్చింది. ‘బొహీమియన్ రాప్సొడీ’లో ఒకదాని మీద ఒకటిగా పేర్చిన గొంతులను టీవీ స్టూడియోలో నిలబడి పాడినట్టు నటిస్తే నవ్వులపాలవుతారు. పైగా పర్యటన మొదలవుతోంది. బ్రూస్ గవర్స్ కొద్ది గంటల్లో వీడియో తీసి ఇచ్చాడు. చీకట్లోంచి పైకెత్తిన నాలుగు ముఖాలు తేలే ఆ దృశ్యానికి మూలం క్వీన్ పాత ఆల్బమ్ అట్టకు ఫొటోగ్రాఫర్ మిక్ రాక్ తీసిన ఫొటో. రికార్డు అట్టే కదిలి పాడిందన్నమాట. ఆ పాట బ్రిటన్‌లో తొమ్మిది వారాలు అగ్రస్థానంలో నిలిచింది. రికార్డు కంపెనీలకు ఇంతకన్నా రుజువు అక్కర్లేకపోయింది.

ఎంటీవీ తెలివి వ్యాపారంలో ఉండేది. మొదట్లో వీడియోలు రికార్డు కంపెనీలే ఉచితంగా ఇచ్చేవి, ఖర్చులో కొంతో మొత్తమో తర్వాత కళాకారుడి రాయల్టీలోంచి కోసుకునేవి. చానెల్ దృష్టిలో అది ప్రకటన. అందుకే తెర మూల పడే అక్షరాల్లో పాట, గాయకుడు, ఆల్బమ్, కంపెనీ పేర్లు ఉండేవి, దర్శకుడి పేరు ఉండేది కాదు. అది చేరడానికి 1992 దాకా ఆగాల్సి వచ్చింది.

నలభైల బార్ యంత్రంలో ఎలింగ్టన్ కనిపించాడు గానీ, ఎనభైల మొదట్లో ఎంటీవీలో నల్లజాతి కళాకారులు అరుదు. ‘మాది రాక్ చానెల్’ అన్నది వాళ్ల సాకు. 1983లో డేవిడ్ బోవీ ఎంటీవీ వ్యాఖ్యాతనే ముఖాముఖి ఇదేమిటని నిలదీశాడు. ఆ ఏడాదే మైకేల్ జాక్సన్ ‘బిల్లీ జీన్’ ఆ తలుపు తెరిచింది. డిసెంబరులో జాన్ లాండిస్ తీసిన ‘థ్రిల్లర్’ పధ్నాలుగు నిమిషాలకు దగ్గరగా సాగి, గ్రామఫోన్ రికార్డు నాటి నిడివి హద్దును చెరిపేసింది.

1991లో స్టార్ టీవీ ఉపగ్రహ ప్రసారాల్లో భాగంగా ఎంటీవీ మన ఇళ్లలోకి వచ్చేనాటికి, తెలుగువాళ్లకు పాటను కథ నుంచి విడదీసి చూడటం అలవాటే. దూరదర్శన్‌లో శుక్రవారం సాయంత్రం ‘చిత్రలహరి’ కోసం వీధులు ఖాళీ అయ్యేవి. కాకపోతే అవి సినిమా నుంచి తెచ్చిన ముక్కలు. సినిమా అవసరం లేని వీడియో పాటను దేశమంతా పాడుకున్న సందర్భాల్లో 1995లో అలీషా చినాయ్ ‘మేడ్ ఇన్ ఇండియా’ ముఖ్యమైనది. తెలుగులో ఆ దారి వెడల్పయింది యూట్యూబ్ వచ్చాకే. తెలంగాణ జానపదాల బాణీలో రాసిన పాటలు చిన్న చిన్న చానెళ్ల చేతుల్లో పొలం గట్ల మీద, ఊరి చావిళ్ల దగ్గర వీడియోలవుతున్నాయి. పాడేవాళ్లు ఒకరు, పెదవి కదిపి ఆడేవాళ్లు ఇంకొకరు. ఎత్తుగడ, మలుపులు, గుంపు నాట్యం చాలావరకు సినిమా పాట నుంచి తీసుకున్నవే. కానీ రచయిత, గాయని, నటులు, కెమెరా, ఎడిటింగ్, అందరి పేర్లూ మొదట్లోనే పడతాయి, దర్శకుడి పేరుతో సహా.