పాత ఆటోమేటిక్ కారు నడుపుతున్నారా? గేర్ ఆయిల్ ఇలా చూసుకోండి

బహ్రెయిన్‌లో హౌస్ డ్రైవర్‌గా చేరినవాళ్ల చేతికి చాలాసార్లు పదిహేనేళ్ల పాత ఆటోమేటిక్ కారు వస్తుంది. ఇంజన్ ఆయిల్ అందరం చూస్తాం. గేర్ ఆయిల్ జోలికి మాత్రం బండి మొరాయించేదాకా పోం. తీరా గేర్ బాక్స్ పోతే నింద పడేది డ్రైవర్ మీదే. రిపేరు ఖర్చు మీ నెల జీతాన్ని దాటిపోవచ్చు కూడా. అందుకే కారు తాళం చేతికొచ్చిన మొదటి వారంలోనే ఇది చూడండి.

బానెట్ కింద ఇంజన్ ఆయిల్ స్టిక్ కాకుండా రెండో స్టిక్ ఉందేమో వెతకండి. కొన్ని కార్లకు అసలుండదు. అలాంటి బండిని గ్యారేజీలో పైకి లేపి చూడాల్సిందే, మీరు చెయ్యి పెట్టొద్దు.

స్టిక్ ఉంటే, పావుగంట నడిపాక సమతలంగా ఉన్నచోట ఆపి హ్యాండ్ బ్రేక్ వేయండి. ఇంజన్ నడుస్తుండగానే, బ్రేక్ మీద కాలుంచి లివర్‌ను అన్ని గేర్లలోకీ నెమ్మదిగా తిప్పి మళ్లీ పార్కింగ్‌లోకి తెండి. స్టిక్ తీసి, పోగులు రాలని గుడ్డతో తుడిచి, పూర్తిగా లోపలికి దించి, మళ్లీ తీసి చూడండి. ఆయిల్ 'హాట్' గీతల మధ్య ఉండాలి. ఎండలో నిలబెట్టిన బండి బానెట్ కాలిపోతున్నా లోపలి ఆయిల్ నడిపితేనే వేడెక్కుతుంది. పాత హోండాల్లో పద్ధతి వేరు: ఇంజన్ ఆపాక ఒకటి, ఒకటిన్నర నిమిషంలో చూడాలి. కారు మాన్యువల్ ఉంటే దాని మాటే చివరి మాట. ఫ్యాను దగ్గర చొక్కా చేతులు జాగ్రత్త.

రంగు ఎర్రగా ఉంటే మంచిదే. గోధుమరంగుకు తిరిగితే మార్చే సమయం దగ్గరపడినట్టు. నల్లబడి మాడు వాసన వస్తే లోపల ప్లేట్లు అరుగుతున్నాయని అనుమానించాలి. పాలు కలిపినట్టు గులాబీ రంగులో ఉంటే రేడియేటర్ నీళ్లు కలిశాయేమో, ఆ బండిని ఇక నడపొద్దు.

గేర్ ఆయిల్ ఇంజన్ ఆయిల్‌లా కాలి తగ్గిపోదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. కింద ఏసీ నీళ్ల మడుగు ఎలాగూ ఉంటుంది, అందులో ఎర్రటి జిడ్డు ఉందా చూడండి. పోయాల్సి వస్తే మాన్యువల్‌లో రాసిన రకమే, స్టిక్ గొట్టంలోంచి కొంచెం కొంచెంగా పోస్తూ కొలవండి. ఎక్కువైతే నురగ కట్టి అదీ చెరుపే.

స్టిక్ మీద, తుడిచిన గుడ్డ మీద ఆయిల్ కనిపించేలా ఫొటో తీసి ఆ రోజే కఫిల్‌కు వాట్సాప్‌లో పంపండి. నోటితో చెప్పింది తర్వాత ఎవరికీ గుర్తుండదు. సల్మాబాద్‌లోనో, సిత్రాలోనో గ్యారేజీకి తీసుకెళ్తే బిల్లు కూడా దాచండి. 25 కిలోమీటర్ల కింగ్ ఫహద్ కాజ్‌వే మీదుగా సౌదీ వెళ్లే ముందురోజు ఓసారి చూసుకుంటే ఇంకా మంచిది. దారిలో గేర్ పడకపోతే తాడు కట్టి లాగించొద్దు, బండిని మొత్తం పైకెక్కించుకునే రికవరీనే పిలిపించమని కఫిల్‌కు చెప్పండి.