పెన్నేటి పాటకు మూలమేది?

విద్వాన్ విశ్వం 1950లలో రాసిన 'పెన్నేటి పాట'ను కరువు కన్న కావ్యమంటారు. అది సగం నిజమే. విశ్వం సొంత జిల్లా అనంతపురానికి కరువు కొత్తది కాదు. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి, ఈశాన్య రుతుపవనాలు ఇంత లోపలికి చేరేసరికి నీరసిస్తాయి. ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. 1876-78 ధాత కరువు తర్వాత, 1881 జనగణనలో బళ్లారి జిల్లా జనాభా దాదాపు అయిదో వంతు తగ్గింది. అప్పటికి అనంతపురం ఆ జిల్లాలోదే, 1882లో వేరుపడింది. అయితే కరువొక్కటే కావ్యాన్ని రాయించేదైతే, అది ఎప్పుడో పుట్టి ఉండాలి.

1915లో తరిమెలలో పుట్టిన విశ్వం, కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డితో కలిసి నవ్య సాహిత్యమాల అనే ప్రచురణ సంస్థను నడిపాడు, జైలుకెళ్లాడు. ఆకలిని విధిరాతగా చూడని ఆ చూపే అసలు ప్రేరణ. అలాగైతే ఇది పద్యం కట్టిన రాజకీయమేగా అనవచ్చు. కాదు. నినాదానికి శత్రువు చాలు, ఈ కావ్యానికి ఒక సంసారం కావలసి వచ్చింది. కలిగిన ఇంట పుట్టి కట్టెలమ్ముకునే స్థితికి జారిన రంగన్న, అతనితో కష్టం పంచుకునే గంగమ్మ ఏ సిద్ధాంతానికీ ఉదాహరణలు కారు. వాళ్ల మీద కవికున్న ప్రేమ ప్రతి పుటలో తెలుస్తుంది. రాయలసీమ బడిపిల్లలకు ఈ కావ్యాన్ని ముక్కలుగా కాదు, మొత్తంగా చదివించండి.